గోపీచంద్ మోకాలు: ఛాంపియన్ కాకముందు ఏడేళ్ల కథ



ఇవాళ్టి ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల పుట్టింది. మన అమరచింత పక్క ఊరి నుంచి ఇంటర్ చదివే ఒక తమ్ముడు రాసిండు. వాలీబాల్ ఆడుతుంటే నెట్ దగ్గర ఎగిరి కొట్టి దిగేటప్పుడు మోకాలు లోపలికి తిరిగిందట. "టప్" మని చప్పుడు తనకే వినపడిందట. ఇంట్లోవాళ్లు బెణికిందనుకొని నూనె రాసి గుంజించిండ్రు. వాపు తగ్గింది, మామూలుగా నడుస్తుండు. కానీ ఉరికి పక్కకు తిరిగితే మోకాలు జారిపోతున్నట్టు అనిపిస్తుందట. చివర్ల ఒక్క మాట అడిగిండు: "అన్నా, నా ఆట అయిపోయినట్టేనా?"

నేను డాక్టర్‌ను కాదు. మనం మాట్లాడుకునేది చరిత్ర. కాబట్టి ఈ ప్రశ్నను చరిత్రనే అడుగుదాం. ఇట్లాంటి దెబ్బే తగిలి, ఇదే ప్రశ్న ముందు నిలబడ్డ ఇద్దరు ఛాంపియన్ల కథ చెప్తా. ఒకరు జర్మనీ ఆటగాడు, అది చిన్న కథ. ఇంకొకరు మన తెలుగువాడు, అసలు కథ ఆయనదే.

జర్మనీ కొండ మీద

స్కీ జంపింగ్ అని ఒక ఆట ఉంది. రీల్స్‌లో ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. కొండ మీద పొడుగాటి జారుడు దారి కడతారు. ఆటగాడు కాళ్లకు స్కీలు, అంటే పొడుగాటి పలకలు, కట్టుకొని గంటకు దాదాపు 90 కిలోమీటర్ల వేగంతో జారుకుంటూ వచ్చి, అంచు దగ్గర గాల్లోకి లేస్తాడు. పెద్ద కొండ మీదైతే 120, 130 మీటర్ల అవతల దిగుతాడు. క్రికెట్ గ్రౌండ్‌లో ఈ బౌండరీ నుంచి ఆ బౌండరీ దాకా ఉండే దూరం అది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. ఎంత దూరం దూకావు అనే దానికి పాయింట్లు ఉంటాయి. ఎట్లా దిగావు అనే దానికీ ఉంటాయి. ఐదుగురు జడ్జీలు, ఒక్కొక్కరి దగ్గర 20 పాయింట్లు. అందరికన్నా ఎక్కువ ఇచ్చినాయనవి, అందరికన్నా తక్కువ ఇచ్చినాయనవి తీసేసి మిగిలిన మూడు కలుపుతారు. దిగేటప్పుడు ఒక పాదం ముందు, ఒక పాదం వెనక పెట్టి, మోకాళ్లు వంచి దిగాలి. దాన్ని టెలిమార్క్ అంటారు. రెండు కాళ్లూ కలిపి దబ్బున దిగితే పాయింట్లు కోసేస్తారు. అంటే ఆ ఆటలో సగం పరీక్ష మోకాలిదే.

ఈ ఆటలో సెవెరిన్ ఫ్రాయిండ్ అని ఒక జర్మన్ ఛాంపియన్ ఉన్నాడు. 1988లో పుట్టాడు. 2014 సోచి ఒలింపిక్స్‌లో జర్మనీ టీమ్ గోల్డ్ గెలిచింది, అందులో ఆయన ఒకడు. 2015లో స్వీడన్‌లోని ఫాలున్‌లో పెద్ద కొండ మీద ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అదే సీజన్‌లో వరల్డ్ కప్ మొత్తం టైటిల్ కూడా ఆయనదే. అదెంత దగ్గరి పోటీ అంటే, సీజన్ అయిపోయేసరికి ఆయనకూ, స్లొవేనియా ఆటగాడు పీటర్ ప్రెవ్ట్స్‌కూ సరిగ్గా సమానంగా 1729 పాయింట్లు. ఫ్రాయిండ్ ఎక్కువ పోటీలు గెలిచాడు కాబట్టి కప్పు ఆయనకు వచ్చింది.

2017 జనవరిలో ఆయన కుడి మోకాలిలో ఏసీఎల్ తెగింది. ఆపరేషన్ అయ్యింది. నెలల తరబడి కసరత్తులు. మళ్లీ దూకడం మొదలుపెట్టాడో లేదో, జూలైలో అదే మోకాలిలో మళ్లీ తెగింది. 2018 వింటర్ ఒలింపిక్స్ పోయింది. తర్వాత తిరిగి వచ్చాడు, పోటీ పడ్డాడు, కానీ వరల్డ్ కప్‌లో సొంతంగా ఇంకో గెలుపు రాలేదు. 2022లో ఆటకు సెలవు చెప్పాడు.

గమనించండి. ఆయన వెనక జర్మనీ దేశం ఉంది. డాక్టర్లు, ఫిజియోలు, మంచి జిమ్, మంచి ట్రైనింగ్ అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నా పాత ఫ్రాయిండ్ తిరిగి రాలేదు. కాకపోతే ఆయనకు ఒక ఊరట ఉంది. మోకాలు పోయేసరికే ప్రపంచ ఛాంపియన్ అయిపోయి ఉన్నాడు.

మరి ఏమీ గెలవకముందే మోకాలు పోతే? వెనక అంత పెద్ద వ్యవస్థ లేకపోతే? ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

నాగండ్ల పిల్లగాడు

పుల్లెల గోపీచంద్. మీలో చాలామందికి ఆయన సింధు కోచ్‌గానే తెలుసు. రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు సింధు ఫోన్ తీసి తన దగ్గర పెట్టుకున్న కోచ్, మీకు గుర్తుండే ఉంటుంది. ఫోన్ లేకుండా మూడు నెలలు! మనకు మూడు గంటలే కష్టం. సరే, ఆ కోచ్ కంటే ముందు ఒక ఆటగాడు ఉన్నాడు. ఆ ఆటగాడి గురించే ఇవాళ మాట్లాడుకునేది.

1973 నవంబర్ 16న అప్పటి ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో పుట్టాడు. నాన్న సుభాష్ చంద్ర, అమ్మ సుబ్బరావమ్మ. చిన్నప్పుడు మనందరి లాగే క్రికెట్ పిచ్చి. అన్న రాజశేఖర్ షటిల్ ఆడేవాడు, తమ్ముడిని కూడా అటే లాగాడు. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర మొదట ఆట నేర్చుకున్నాడు. హైదరాబాద్ బ్యాడ్మింటన్ గురించి మాట్లాడితే ఆరిఫ్ సాబ్ పేరు చెప్పకుండా ముందుకు పోలేం.

ఇక్కడొక ముచ్చట ఉంది. గోపీచంద్ స్వయంగా చాలా సభల్లో నవ్వుతూ చెప్పేదే. అన్నదమ్ములిద్దరూ బాగా ఆడేవాళ్లు. అన్న ఐఐటీ పరీక్ష రాశాడు, పాసయ్యాడు, ఆట మానేశాడు. తమ్ముడు ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ రాశాడు, ఫెయిలయ్యాడు, ఆట కొనసాగించాడు. ఆ పరీక్ష పాసై ఉంటే మనకు గోపీచంద్ అనే ఆటగాడు మిగిలేవాడా అన్నది ఆలోచించాల్సిన విషయమే. తర్వాత హైదరాబాద్ ఏవీ కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివాడు. 1990లో, 1991లో దేశంలోని యూనివర్సిటీలన్నీ కలిపి ఎంపిక చేసిన బ్యాడ్మింటన్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు.

అంటే ఇరవై ఏళ్లు వచ్చేసరికి దేశంలో మంచి ఆటగాళ్లలో ఒకడు. ఇంకా నేషనల్ ఛాంపియన్ కాలేదు. విదేశాల్లో పేరు లేదు. అంతా ముందుంది అనుకునే వయసు.

1994, పుణె

1994 జనవరిలో నేషనల్ గేమ్స్ జరిగాయి. పుణెలో డబుల్స్ మ్యాచ్. ఇద్దరి మధ్యలోకి ఒక షటిల్ వచ్చింది. మీరు గల్లీలో డబుల్స్ ఆడితే తెలుసు కదా, మధ్యలో పడే షటిల్‌కే గొడవంతా. ఇద్దరూ దానికోసమే పోయారు, ఒకరినొకరు గుద్దుకున్నారు. గోపీచంద్ మోకాలిలో ఏసీఎల్ తెగింది.

ఏసీఎల్ అంటే ఏంటో ఇక్కడే చెప్పుకుందాం. మోకాలి లోపల తొడ ఎముకనూ, కింది కాలి ఎముకనూ కట్టిపట్టే గట్టి తాడు లాంటిది. కింది ఎముక ముందుకు జారకుండా, పక్కకు మెలిక తిరగకుండా ఆపేది అదే. నేరుగా నడిచేటప్పుడు దాని పని పెద్దగా తెలియదు. ఉరికి ఆగినప్పుడు, గిరుక్కున తిరిగినప్పుడు, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు తెలుస్తుంది. అందుకే అది తెగినోళ్లు కొన్ని వారాలకు బాగానే నడుస్తారు, కానీ ఆడలేరు. మన తమ్ముడు రాసిన లక్షణం కూడా ఇట్లాంటిదే. అందుకే నాకు భయమైంది.

ఇంకో సంగతి. పూర్తిగా తెగిన ఏసీఎల్ మామూలు గాయం లాగా తనంతట తాను అతుక్కోవడం కష్టం. ఎగిరే ఆటలు ఆడాలంటే చాలామందికి ఆపరేషన్ చేస్తారు. ఒంట్లోనే ఇంకో చోటి నుంచి, మోకాలి చిప్ప కింది నుంచో, తొడ వెనక నుంచో, ఒక పట్టీ తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, కొత్త తాడు లాగా బిగిస్తారు. ఆ తర్వాతే అసలు పని. తొడ కండరం సన్నబడిపోయి ఉంటది. కాలు పూర్తిగా వంచడం, చాపడం దగ్గర్నుంచి మళ్లీ నేర్చుకోవాలి. తొమ్మిది నెలలు, సంవత్సరం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు బ్యాడ్మింటన్ గురించి ఆలోచించండి. జంప్ స్మాష్ కొట్టాలంటే ఎగరాలి, దిగాలి, దిగిన మరు క్షణమే నెట్ దగ్గరికి ఉరకాలి. వెనక మూలకు పోయి కొట్టి ఒంటికాలి మీద దిగాలి. ఆ ఒక్క క్షణంలో మోకాలి మీద పడే బలం ఒంటి బరువుకు కొన్ని రెట్లు ఉంటది. ఒక మ్యాచ్‌లో అది వందల సార్లు. స్కీ జంపర్ ఒక పోటీలో దూకేది రెండుసార్లు. షటిల్ ఆటగాడికి ఆ లెక్కే ఉండదు.

అట్లాంటి ఆటలో ఇరవై ఏళ్ల పిల్లగాడికి మోకాలు పోయింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ మోకాలికి ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్లు జరిగాయి.

ఎవరూ చూడని ఏడేళ్లు

మన మనసులో ఛాంపియన్ కథ ఎట్లా ఉంటది? దెబ్బ తగులుతది, ఒక పాట వస్తది, పాట అయిపోయేసరికి హీరో కప్పు ఎత్తుతాడు. సినిమాలో ఆ పాట నాలుగు నిమిషాలు. గోపీచంద్ జీవితంలో ఆ పాట ఏడేళ్లు.

1994లో ప్రకాశ్ పడుకోన్ బెంగళూరులో అకాడమీ పెట్టాడు. 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే, మీలో కొందరికి దీపికా పడుకోన్ నాన్నగా తెలిసి ఉంటాడు. గోపీచంద్ ఆయన దగ్గరికి చేరాడు. బెంగళూరులోనే స్పోర్ట్స్ అథారిటీలో గంగూలీ ప్రసాద్ దగ్గర కూడా ట్రైనింగ్ తీసుకున్నాడు.

1996లో మొదటిసారి నేషనల్ ఛాంపియన్ అయ్యాడు. మోకాలు తెగి రెండేళ్లు. అక్కడి నుంచి 2000 దాకా వరుసగా ఐదేళ్లు ఆ టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ గేమ్స్‌లో సింగిల్స్‌లో కాంస్యం, టీమ్‌లో రజతం. 1999లో ఫ్రాన్స్‌లో టూలూజ్ ఓపెన్, స్కాట్లాండ్‌లో స్కాటిష్ ఓపెన్ గెలిచాడు. అదే ఏడాది అర్జున అవార్డు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్. ప్రీ క్వార్టర్స్ దాకా వెళ్లాడు. అక్కడ ఇండోనేషియాకు చెందిన హెంద్రవాన్ చేతిలో వరుస గేముల్లో ఓడిపోయాడు. హెంద్రవాన్ ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు. గోల్డ్ గెలిచింది చైనా ఆటగాడు జీ షిన్‌పెంగ్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తది.

అప్పటికి గోపీచంద్‌కు 27 నిండబోతున్నాయి. ఒలింపిక్ మెడల్ రాలేదు. మోకాలు పాతదే. ఆపరేషన్ల కత్తి గీతలు ఉన్నాయి. సిడ్నీ అయిపోయాక మానేసి ఏ ఉద్యోగమో చూసుకొని ఉంటే, "ఐదుసార్లు నేషనల్ ఛాంపియన్, పాపం మోకాలు కలిసి రాలేదు" అని ఒక్క లైన్ రాసి వదిలేసేవాళ్లు.

బర్మింగ్‌హామ్, మార్చి 2001

ఆల్ ఇంగ్లండ్ అంటే ఏంటో కొత్తవాళ్ల కోసం. బ్యాడ్మింటన్‌లో అన్నిటికన్నా పాత పెద్ద టోర్నీ, 1899 నుంచి ఉంది. టెన్నిస్‌కు వింబుల్డన్ ఎట్లనో షటిల్‌కు ఇది అట్ల.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే స్కోర్లు అర్థం కావు. ఇప్పుడు 21 పాయింట్ల గేమ్‌లో ర్యాలీ ఎవరు గెలిస్తే వాళ్లకు పాయింట్. ఆ పద్ధతి 2006లో వచ్చింది. 2001లో గేమ్ 15 పాయింట్లకు. సర్వీస్ చేసేవాడు గెలిస్తేనే పాయింట్. అవతలివాడి సర్వీస్‌లో ర్యాలీ గెలిస్తే మనకు వచ్చేది సర్వీస్ మాత్రమే. ఎంతో ఆడినా బోర్డు మీద అంకె కదలకుండా ఉండొచ్చు. 14-14 అయితే 17 దాకా పొడిగించుకునే వీలుంది. అంటే ఒక్కొక్క పాయింట్ కోసం కాళ్లు ఇప్పటికన్నా ఎక్కువ పని చేయాలి. పాత మోకాలున్నవాడికి అది ఎంత కష్టమో ఆలోచించండి.

ఇప్పుడు ఆ వారం ఎట్లా గడిచిందో చూడండి. మూడో రౌండ్‌లో ఎదురుగా జీ షిన్‌పెంగ్. ఆరు నెలల కింద సిడ్నీలో గోల్డ్ గెలిచిన మనిషి. గోపీచంద్ ఆయన్ని ఓడించాడు. క్వార్టర్ ఫైనల్‌లో డెన్మార్క్ ఆటగాడు ఆండర్స్ బోసెన్ ఓడిపోయాడు.

సెమీస్‌లో డెన్మార్క్‌కే చెందిన పీటర్ గేడ్. అప్పటికి ప్రపంచ నంబర్ వన్. స్కోరు 17-14, 17-15. ఇందాక చెప్పిన రూల్ గుర్తుందా? రెండు గేములూ పద్నాలుగు పద్నాలుగు దాకా వచ్చి పొడిగింపులోకి వెళ్లాయి. అటో ఇటో అన్న చోట రెండుసార్లూ నిలబడ్డది గోపీచంద్.

మార్చి 11న ఫైనల్. చైనాకు చెందిన చెన్ హాంగ్. 15-12, 15-6. రెండే గేములు.

ప్రకాశ్ పడుకోన్ 1980లో గెలిచిన 21 ఏళ్లకు ఇంకో భారతీయుడు ఆ కప్పు ఎత్తాడు. ఆ తర్వాత 2015లో సైనా నెహ్వాల్, 2022లో లక్ష్య సేన్ ఫైనల్ దాకా పోయి ఆగిపోయారు. దాన్ని బట్టి ఆ గెలుపు ఎంత పెద్దదో లెక్క కట్టుకోండి.

పేరు వచ్చాక ఒక పెద్ద కూల్‌డ్రింక్ యాడ్ ఆయన దగ్గరికి వచ్చింది. వద్దన్నాడు. తాను తాగనిది పిల్లల్ని తాగమని ఎట్లా చెప్తాను అన్నది ఆయన లెక్క. ఇవాళ మనం చూస్తున్న బెట్టింగ్ యాప్ ప్రమోషన్ల కాలంలో ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిదే.

కప్పు తర్వాత

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కానీ మోకాలికి సినిమా తెలియదు.

ఆల్ ఇంగ్లండ్ తర్వాత గాయాలు మళ్లీ తిరగబెట్టాయి. ర్యాంకు పడిపోతూ పోయింది, 2003 నాటికి వంద దాటిపోయింది. రెండేళ్ల కింద ప్రపంచ నంబర్ వన్‌ను ఓడించిన మనిషి! అంత పెద్ద కప్పు మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఫ్రాయిండ్‌కు ముందు శిఖరం, తర్వాత గాయం, గాయం తర్వాత వరల్డ్ కప్‌లో సొంత గెలుపు లేదు. గోపీచంద్‌కు ముందు గాయం, తర్వాత ఏడేళ్ల కష్టం, ఒక శిఖరం, మళ్లీ గాయం. ఒకరు పట్టుదల ఉన్నవాడు, ఇంకొకరు లేనివాడు అని చెప్పడం తప్పు. రెండుసార్లు తెగిన మోకాలితో మళ్లీ కొండ ఎక్కి దూకిన ఫ్రాయిండ్‌కు పట్టుదల లేదని ఎవరంటారు? కొన్నిసార్లు శరీరం ఒప్పుకుంటది, కొన్నిసార్లు ఒప్పుకోదు. "గట్టిగా అనుకుంటే ఏదైనా సాధించొచ్చు" అని మోటివేషన్ రీల్స్‌లో చెప్తారే, అది సగం నిజమే. మిగతా సగం టైమ్‌కు దొరికిన డాక్టర్, సరిగ్గా చేయించిన కసరత్తు, ఆ ఏడేళ్లు ఇల్లు గడిచిన తీరు.

గోపీచంద్ గొప్పతనం నాకు కనపడేది ఈ మిగతా సగం దగ్గరే. ఆట ఆగిపోయాక ఆయన తన కష్టం గురించి కథలు చెప్పుకుంటూ కూర్చోలేదు. తనకు దొరకనిది తర్వాతి పిల్లలకు దొరకాలి అనుకున్నాడు. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాల స్థలం ఇచ్చింది. స్థలం ఉంది, కట్టడానికి డబ్బు లేదు. సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. వ్యాపారవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ సాయం చేశాడు. 2008లో అకాడమీ తెరుచుకుంది. ఈ లోపల 2006లోనే ఆయన జాతీయ జట్టుకు చీఫ్ కోచ్ అయ్యాడు.

ఆ తర్వాతిది మీ అందరికీ తెలిసిన చరిత్ర. 2012 లండన్‌లో సైనా కాంస్యం. 2016 రియోలో సింధు రజతం. 2018లో గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్. 2019లో బాసెల్‌లో సింధు ప్రపంచ ఛాంపియన్. కోచ్‌గా ఆయనకు 2009లో ద్రోణాచార్య, 2014లో పద్మభూషణ్ వచ్చాయి.

ఆయనే అన్న ఒక చేదు మాట

ఇక్కడితో ఆపితే వీడియో హాయిగా అయిపోతది, మీరు లైక్ కొట్టి పోతారు. కానీ ఇంకొకటి చెప్పకపోతే మన తమ్ముడికి అబద్ధం చెప్పినట్టవుతది.

2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక పత్రికతో మాట్లాడుతూ అన్న మాట దేశమంతా చర్చ అయింది. డబ్బున్న కుటుంబమో, వెనక వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపమని తాను సలహా ఇవ్వను అన్నది దాని సారం. ఎవరు అంటున్నారో చూడండి. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టినాయన. ఒలింపిక్ మెడల్స్ తెచ్చిన కోచ్. చాలామందికి కోపం వచ్చింది. అయ్యో, ఆయనే ఇట్లంటే ఎట్లా అన్నారు.

ఆయన అడుగుతున్నది ఏంటంటే, మెడల్ వచ్చిన ఒకరిద్దరి సంగతి కాదు, రానివాళ్ల సంగతేంటి? పదేళ్లు చదువు పక్కన పెట్టి ఆడిన పిల్లలు, ఇరవై రెండేళ్లకు మోకాలో భుజమో పోయాక ఎటు పోవాలి? వాళ్లకు చదువు దారి, ఉద్యోగం దారి, గౌరవంగా బతికే దారి ఎవరు చూపిస్తున్నారు?

ఇప్పుడు 1994 పుణెను మళ్లీ గుర్తు చేసుకోండి. ఇరవై ఏళ్ల పిల్లగాడు, ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ ఫెయిల్, మోకాలు తెగింది. ఆ రోజు ఆయన కూడా ఆ "రానివాళ్ల" వరుసలోనే నిలబడ్డాడు. ఏడేళ్ల తర్వాత ఆ వరుస దాటి వచ్చాడు కాబట్టి మనం పేరు చెప్పుకుంటున్నాం. అదే వరుసలో మిగిలిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు. ఆయనకు తెలిసి ఉంటది, కాబట్టే ఆ మాట అన్నాడని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు, కామెంట్లలో రాయండి.

మన దగ్గర సంగతి చూస్తే ఇది ఇంకా గట్టిగా తగులుతది. అమరచింత నుంచి హైదరాబాద్ నూట యాభై కిలోమీటర్ల పైనే. ఇక్కడ సాయంత్రం బడి గ్రౌండ్‌లోనో, సిమెంట్ రోడ్డు మీదనో నెట్ కడతారు. కొందరి కాళ్లకు స్లిప్పర్లు, కొందరికి అవీ లేవు. వార్మప్ అంటే నవ్వుతారు. దెబ్బ తగిలితే నూనె, కట్టు, నాలుగు రోజుల రెస్టు. నేను కూడా కబడ్డీలో చీలమండ మెలిక పడితే అట్లనే కట్టించుకున్నోడినే. ఇప్పటికీ మెట్లు దిగుతుంటే అది నొస్తది. టాలెంట్ ఇక్కడ తక్కువ లేదు. దెబ్బ తగిలిన రోజు సరైన మాట చెప్పే మనిషే తక్కువ.

తమ్ముడికి జవాబు

కాబట్టి తమ్ముడూ, నీకు చరిత్ర చెప్పే జవాబు ఇది.

ఆట అయిపోయిందా లేదా అన్నది ఇవాళ ఎవరూ చెప్పలేరు. గోపీచంద్ ఏసీఎల్ తెగిన తర్వాతే ఐదుసార్లు నేషనల్ ఛాంపియన్ అయ్యాడు, ఆ తర్వాతే ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఫ్రాయిండ్ తిరిగి వచ్చినా వరల్డ్ కప్‌లో సొంతంగా మళ్లీ గెలవలేదు. రెండూ నిజమే. కానీ ఇద్దరూ చేసిన పని ఒకటి ఉంది. ముందు అసలు ఏం తెగిందో తెలుసుకున్నారు.

నువ్వు కూడా అదే చెయ్యి. ఇంక గుంజించుకోకు. ఎముకల డాక్టర్ దగ్గరికి పో, మోకాలు జారుతుందని, "టప్" మని చప్పుడైందని తప్పకుండా చెప్పు. అవసరమైతే ఆయనే ఎమ్మారై రాస్తాడు. ఎక్స్‌రేలో ఎముక కనపడ్తది, ఈ తాడు కనపడదు, అందుకే ఎక్స్‌రే బాగుంది కదా అని ఊరుకోవద్దు. తేలేదాకా గ్రౌండ్‌లో దిగకు. జారే మోకాలితో ఆడితే లోపల మిగిలినవి కూడా దెబ్బతింటాయి.

మీ అమ్మానాన్నకు ఈ ఎపిసోడ్ చూపించు. ఖర్చు భయంతో చెప్పకుండా దాచకు. ఇంటర్ పరీక్షలు మాత్రం వదలకు. గోపీచంద్ ఒక పరీక్ష ఫెయిలై ఛాంపియన్ అయ్యాడని అందరూ చెప్పుకుంటారు, కానీ ఆయన డిగ్రీ పూర్తి చేశాడన్నది ఎవరూ చెప్పరు.

మిగతావాళ్లకు ఒక మాట. రేపు సాయంత్రం గ్రౌండ్‌కు పోయినప్పుడు పది నిమిషాలు ముందు ఒళ్లు వేడి చేసుకోండి. ఎగిరాక మోకాళ్లు కొంచెం వంచి, వీలైనప్పుడల్లా రెండు కాళ్ల మీద దిగడం నేర్చుకోండి. ఎవరైనా "టప్ మంది" అని కింద కూర్చుంటే, నవ్వి లేపకండి. ఆ క్షణంలో మీరు చెప్పే మాట వాళ్ల ఏడేళ్లను మార్చొచ్చు.

తమ్ముడూ, డాక్టర్ ఏమన్నడో మళ్లీ మెసేజ్ పెట్టు. ఎదురు చూస్తుంటా. మిగతా దోస్తులు మీ ఊరి గ్రౌండ్‌లో ఇట్లా ఆగిపోయిన మంచి ఆటగాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఏం ఆడేవాళ్లో, ఎట్లా ఆగిపోయారో రాయండి. వాళ్లదీ చరిత్రే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.